తాటిపత్రి తిత్తి

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. ఆ తుమ్మ మొద్దు ఒకటి నెగట్ల ఎయ్యి బిడ్డా. ముందు పొగ పెడుతది గని అంటుకున్నదంటే తెల్లారేదాక నిలుస్తది. తుమ్మ బొగ్గు సంగతి మన ఇంటోళ్లకు ఒకరు చెప్పాల్నా? మీ తాత బతుకంత దాని మీదనే ఎళ్లింది.

చిన్నది పొద్దటిసంది అడుగుతున్నది, "నానమ్మా, అటుక మీద రావి ఆకు తీరు కోసిన చెక్కలు రెండున్నయి, ఏందియ్యి?" అని. అవి మీ తాత కొలిమి తిత్తి చెక్కలు. వాటి నడుమ ఒకప్పుడు తోలు ఉండె. తర్వాత నేను కుట్టిన గుడ్డ ఉండె. అవును, గుడ్డనే. లారీ మీద కప్పే తాటిపత్రి. కమ్మరి కొలిమికి గుడ్డ తిత్తి అంటే అప్పట్ల ఊరంత ముక్కు మీద వేలేసుకున్నది. ఆ ముచ్చటనే ఇయ్యాల చెప్త. ఊకె నా గొప్ప చెప్పుకోనీకి కాదు. అందుల ఒక బాకీ ఉన్నది, అది చివరికి చెప్త.

నా పెండ్లయి వచ్చినప్పుడు ఈ ఊర్ల కరెంటు లేదు. మా తల్లిగారు నాకు పసుపు కుంకుమ కింద ఉషా మిషన్ ఒకటి ఇచ్చిండ్రు. నల్లగ నిగనిగలాడుతుండె, మీద బంగారు రంగు పూలు. కలకత్తాల తయారైన మిషన్ అది. కాలుతోని తొక్కేది. మా అత్త దాన్ని చూసి, "కమ్మరోళ్ల ఇంట్ల గీ దర్జీ పనేంది?" అన్నది. అన్నది గని, ఊరి ఆడోళ్లు రవికెలు కుట్టిచ్చుకోనీకి రాబట్టినంక ఏమనలే. పండుగ పూట నాలుగు పైసలు ఇంట్లకు వస్తుంటే ఎవరంటరు?

మీ తాత పొద్దంత కొలిమి కాడ, నేను పొద్దంత పంచల మిషన్ కాడ. ఆయన సుత్తి దెబ్బ ఒక దిక్కు, నా మిషన్ చప్పుడు ఒక దిక్కు. ఆయన పని నాకు అర్థమయ్యేది కాదు, నా పని ఆయనకు పట్టేది కాదు. ఆ ఎండకాలం రాకుంటే అట్లనే ముసలోళ్లమై పోతుంటిమేమో.

అది 1971. రోహిణి కార్తె నడుస్తున్నది. రోహిణిల రోళ్లు పగులుతయంటరు, ఎండ అట్లనే ఉండె. రైతులకు అది పని లేని కాలం, కమ్మరికేమో ఊపిరి ఆడని కాలం. మిరుగం చినుకు పడెనంటే ఊరంత ఒక్కపాలి నాగండ్లు కడుతది. అప్పటికి కర్రులన్నీ సరిపి, గుంటుక పాసలు సాపు చేసి, కొడవండ్లకు కక్కు కొట్టి పెట్టాలె. రైతు ఏడాదంత ఏం పైసలియ్యడు. కళ్లం కాడ మేర కొలుస్తడు. నాలుగు కుంచాలు తక్కువైనా మీ తాత అడుగకపోతుండె గని, మిరుగం నాటికి ఒక్క కర్రు తయారు కాలేదంటే ఆ ఇంటి ముంగల తలెత్తుకోని నడువకపోతుండె. అది ఆయన మాట.

దానికి తోడు ఆ దినాలల్ల పోచంపాడు కాలువ పని నడుస్తుండె. 1963ల నెహ్రూ వచ్చి ఆ ప్రాజెక్టుకు పునాది రాయి వేసిపోయిండు. తర్వాత ఏండ్లకేండ్లు కాలువలు తవ్విండ్రు. పాలమూరు దిక్కుకెల్లి కూలోళ్లు గుంపులు గుంపులుగ వచ్చిండ్రు. ఆడ, మగ, సంక పిల్లలతోని. మన నేల లోపట మొరం. గడ్డపార మొన రెండు దినాలకే మొద్దువారుతుండె. ఆళ్ల మేస్త్రీ పొద్దుమూకినంక ఇరువై, ముప్పై గడ్డపారలు తెచ్చి కొలిమి ముంగల పడేస్తుండె. తెల్లారేసరికి మొనలు తీసి ఇయ్యాలె. రైతుల పని పగలు, కాలువ పని రాత్రి. గంత పని మీద ఉన్నప్పుడు తిత్తి పోయింది.

తిత్తి ఎట్ల పనిచేస్తదో ఎరుకేనా మీకు? చెప్త ఇనుండ్రి. కింద ఒక చెక్క, మీద ఒక చెక్క. రెండింటి నడుమ మడతలు మడతలుగ తోలు. కింది చెక్కకు నడుమ బొక్క ఉంటది, దానికి లోపటి దిక్కు తోలు నాలుక. గొలుసు గుంజితే మీది చెక్క లేస్తది. లేస్తే ఆ నాలుక తెరుచుకొని గాలి లోపటికి వస్తది. గొలుసు ఇడిస్తే చెక్క దిగుతది. దిగితే నాలుక మూసుకుంటది, గాలికి ఇగ వేరే తొవ్వ లేదు, ముక్కులకెల్లి కొలిమిలకు పోవాల్సిందే. ఆ ముక్కు పోయి మట్టి గొట్టంల కూసుంటది. అయితే బిగియగొట్టరు, ఇంత సందు ఉంచుతరు. లేకుంటే తిత్తి లేచినప్పుడు నిప్పును లోపటికి గుంజుకుంటది. నాకు ఇదంత ఆ ఎండకాలమే తెలిసింది. అప్పటిదాక అది ఊకె బుస్సుమనే తోలు సంచి అనుకున్న.

మన దిక్కు ఇనుము పని ఇయ్యాల్టిది కాదు. కమ్మరపల్లి అవతల కోనసముద్రం ఉన్నది గదా. అక్కడ మూసల్ల కరగబెట్టి చేసిన ఉక్కు ముద్దలను కొనుక్కపోనీకి ఇరాన్ నుంచి వ్యాపారులు వస్తుండ్రట. డమాస్కస్ కత్తులని లోకమంత పేరున్న కత్తులకు ఇక్కడి ఉక్కు పోయేదట. 1820లల్ల వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ ఊరికి వచ్చి, ఆ పని కండ్లార చూసి, రాసి పెట్టిండట. మన పెద్దోడు అది సదివి నాకు చెప్పిండు. అంత పేరు పోయిన ఆ ఉక్కు కూడ రాత్రింబగళ్లు తిత్తులు ఊదితేనే కరిగింది. ఆ కత్తి పట్టినోళ్ల ముచ్చట్లు మస్తుగ విన్న. ఆ తిత్తులు ఎవరు కుట్టిండ్రని అడిగినోళ్లను నేను ఈ ఏండ్లల్ల ఒక్కరినీ చూడలే.

సరే, మన తిత్తి ఎట్ల పోయిందంటే, ఎలుకలు. తోలు ఎండి పగులకుంట మీ తాత దానికి ఆముదం పట్టిస్తుండె. ఆ వాసనకు ఎలుక వస్తది. ఒక రాత్రి వెనుక మడత కాడ పిడికెడంత కొరికింది. పొద్దుగాల మీ తాత గొలుసు గుంజితే బుస్సుమని వెనుకకే పోయింది గాలంత. కొలిమిల నిప్పు కదులలే. ఒక అతుకేసిండు. పక్కకు చినిగింది. ఇంకొకటి ఏసిండు. తోలు పాతబడి మాగిపోయి ఉండె, తోలు కుట్టే ఆరె గుచ్చిన కాడల్ల చినుగుతనే ఉన్నది.

కొత్త తోలు కావాలె. తోలు అంటే సంతల కొనుక్కొచ్చేది కాదప్పుడు. సున్నం నీళ్లల్ల నానబెట్టి, వెంట్రుక తీసి, కండ గీకి, తంగేడు చెక్క దంచి ఆ నీళ్లల్ల ఊరబెట్టాలె. అది నెల మీద పట్టే పని. ఇప్పుడు సర్కారోళ్లు తంగేడును మన రాష్ట్రం పువ్వు చేసిండ్రు, బతుకమ్మకు పేరుస్తరు. అప్పట్ల తంగేడు చెక్క లేకుంటే ఊర్ల ఒక్క చెప్పు లేదు, ఒక్క మోట బొక్కెన లేదు, ఒక్క కొలిమి తిత్తి లేదు. మన ఊర్ల ఆ పని మాదిగ వాడల ఒక్క పెద్దమనిషి చేస్తుండె. ఆయనకు పానం బాగలేక లందల ఆ ఏడు తోలే ఊరెయ్యలే.

మీ తాత ఆ రాత్రి అన్నం ముట్టలే. మేస్త్రీ గడ్డపారలు అట్లనే కుప్ప పడి ఉన్నయి. నేను దీపం పెట్టుకొని ఎవరిదో పాత లంగకు నాడా మడత కుడుతున్న. చేతుల గుడ్డ ఉన్నది, కండ్ల ముంగల తిత్తి ఉన్నది. "ఏమయ్యా, తోలే ఎందుకు? గుడ్డతోని కుడితే ఏమయితది?" అన్న. ఆయన నా దిక్కు చూడకుంటనే, "గుడ్డల గాలి నిలుస్తదానే?" అన్నడు. తప్పు మాటేం కాదు. నిలువది. కానీ ఆ మాటతోని నా బుర్రల పురుగు తొలిచింది. గాలి నిలువని గుడ్డ ఉంటది, నీళ్లు నిలిచే గుడ్డ గూడ ఉంటది గదా.

మా తమ్ముడు ఆర్మూరుల లారీ మీద క్లీనరు. వాని ఓనరు కాడ చినిగిన తాటిపత్రి ఒకటి పడి ఉండె. ఇప్పటి లెక్క ప్లాస్టిక్ కాదది. దప్పం నూలు గుడ్డకు మైనం పట్టించింది. ఎండకు మెత్తబడుతది, చలికి చెక్కతీరు అయితది. వాడు దాన్ని చుట్ట చుట్టి బస్సు మీదేసుకొని తెచ్చిండు. పంచల పరిస్తే ఇల్లంత తారు వాసన.

ఇగ పని మొదలు. ముందు పాత తిత్తి కుట్లన్నీ విప్పిన. నీళ్లు చల్లి మెత్తబెట్టి నేల మీద సాపు చేస్తే అప్పుడు కనబడ్డది దాని అసలు రూపం. నేను నాలుగు ముక్కలుంటయనుకున్న. కాదు, ఒకటే పొడుగు తోలు. ముక్కు కాడ జానెడు, వెనుకకు పోయేకొద్దీ వెడల్పయి రెండు మూరలు, మళ్ల ఇంకో పక్క ముక్కు కాడికొచ్చేసరికి జానెడు. పొట్ట పెద్దదున్న చేప తీరు. ఒక్క పట్టీనే చెక్కల చుట్టు తిరిగి వస్తది. వెనుక ఎక్కువ తెరుచుకోవాలె గనుక అక్కడ వెడల్పు. దాన్ని కుట్టినోడు బడికి పోయినోడు కాదు. ఆ కొలత చూసి నేను చానసేపు అట్లనే కూసున్న.

బొగ్గుతోని తాటిపత్రి మీద గీసిన. కత్తెర తెగలే, నా కత్తెర రవికెలు కత్తిరించేది. మీ తాత చూసిండు. ఏమనలే. లేచి పోయి కొడవలి తెచ్చి గీత ఎంబడి పట్టి కోసిండు. నేను గుడ్డ గుంజి పట్టిన. పెండ్లయి ఐదేండ్లయితే మేమిద్దరం ఒక్క పని మీద చేయి పెట్టుడు అదే మొదలు.

మిషన్ల పదహారు నంబరు సూది పెట్టిన. రెండు పొరల కాడ టక్కున ఇరిగింది. పద్దెనిమిది పెట్టిన. రెండు పొరలకు పోయింది, నాలుగు పొరలకు ఇరిగింది. మూడు సూదులు పోయినంక, తొక్కుడు ఇడిచిపెట్టి చేతితోని చక్రం తిప్పుకుంట ఒక్కొక్క కుట్టు ఎయ్యబట్టిన. భుజం పడిపోయింది. రెండు దినాలు పట్టింది. మూడోనాడు చెక్కలకు చుట్టి మేకులు కొట్టినం. మీ తాత గొలుసు గుంజిండు.

నా పానం గొంతుల ఉన్నది. మీది చెక్క లేచింది. గుడ్డ మాత్రం లోపటికి గుంజుకపోయి అంటుకున్నది, ఆకలైనోని డొక్క లెక్క. ఇడిస్తే బయటికి ఉబ్బింది. ఉబ్బుతందుకే గాలంత సరిపోయింది, ముక్కులకెల్లి వచ్చింది పిల్ల ఊదినంత. పైగ కుట్లపొంటి గాలి జారుతున్నది. ఎక్కడ జారుతున్నదో తెల్వాలని ఊదుబత్తి ముట్టించి కుట్టు ఎంబడి పట్టుకపోయిన. ప్రతి సూది పోటు కాడ పొగ తోక ఊగుతున్నది. ఒక్క కాడ కాదు, ఈ కొసకెల్లి ఆ కొసదాక.

మా అత్త, "గుడ్డ కొలిమికి ఎవడన్న పెడ్తడా? అందరు నగుతరు" అన్నది. మీ తాత ఏమన్నడో ఎరుకేనా? "కోడలు రెండు దినాలు అన్నం సరిగ తినలేదమ్మా, ముందు దానికి పెట్టు" అన్నడు. ఆయన మాటకారి కాదు. నా బతుకుల నేను దాచుకున్న మాటలు నాలుగైదు, అందుల ఇదొకటి.

ఉబ్బుడు సంగతికి మందు నాకే దొరికింది. లంగ నాడా మడత. తాటిపత్రికి లోపటి దిక్కు అడ్డంగ మూడు మడతలు కుట్టి, వాటిల్ల నాడాకు బదులు సన్నటి వెదురు బద్దలు ఎక్కిచ్చిన. బద్దలను మీ తాతనే నిప్పు సెగకు కాపి చెక్క వంపుకు సరిగ వంచి ఇచ్చిండు. ఇగ గుడ్డ లోపటికి పడిపోదు, బయటికి ఉబ్బది. మడత మీద మడత కుదురుగ కూసున్నది. తోలుకు ఈ అవసరం అంతగ రాదు, దాని దప్పమే దాన్ని నిలబెడుతది. గుడ్డకు ఎముకలు పెట్టాల్సొచ్చింది. ఇది మాత్రం నాది, నేను చెప్పుకుంట.

కుట్ల సంగతి నాకు తెగలే. అప్పుడు నేను తోలు పని చేసే ఆ పెద్దమనిషి ఇంటికి పోయిన.

ఊరంత ఆయనను "అరే" అనే పిలుస్తుండె. మీసం మొలవని పోరగాడు సుత. నాకు ఏమని పిల్వాల్నో తెల్వలే. పోయి వాకిట్ల నిలబడి "పెద్దయ్యా" అన్న. ఆయన మంచంల పండుకొని ఉన్నోడు లేచి కూసున్నడు. ముఖం చూస్తే ఎన్నడు ఇననిది ఇన్నట్టు ఉన్నది. "కమ్మరోళ్ల కోడలివి, నువ్వొచ్చినవేంది బిడ్డా, కబురంపితే నేనే రాకపోదునా" అన్నడు. చేతుల ఉన్న గుడ్డ ముక్క చూపించి సంగతి చెప్పిన. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసిండు. నా మిషన్ కుట్టును బొటనవేలి గోరుతోని ఇట్ల తడిమిండు.

"కుట్టు సక్కగున్నది బిడ్డా. కానీ నీ సూది లావు, నీ దారం సన్నం. బొక్క పెద్దగ పడ్డది, దారం అందుల ఆడుతున్నది. తోలుల మేము ఆరె సన్నది పట్టుకుంటం, దారం దానికంటె లావు పేనుతం. దారమే బొక్కకు బిరడా."

ఒక్క మాట. ఎంత పెద్ద మాటో చూడుండ్రి. నేను మూడు సూదులు ఇరగ్గొట్టుకున్న గని నాకు తట్టలే.

ఆ దినం పొద్దుమూకేదాక ఆయన అరుగు మీద కూసొని నేర్చుకున్న. జనుము నార పేని దారం చేసుడు. ఆ దారాన్ని తేనెమైనం ముద్ద నడుమ నుంచి గుంజితే కిర్రుమంటది, అట్ల నాలుగుసార్లు గుంజాలె. గుడ్డ అంచును ఒకదాంట్ల ఒకటి మలిపి పట్టుకొని, ఆరెతోని సన్నగ గుచ్చి, ఒకటే బొక్కల రెండు దిక్కులకెల్లి రెండు సూదులు పంపి, రెండు చేతులు చాపి గుంజాలె. ఒక దారం తెగినా రెండోది పట్టుకొని ఉంటది. ఆయన చేతులు వణుకుతుండె పానం బాగలేక. ఆరె పట్టుకోంగనే వణుకు ఆగుతుండె.

ఇంకో మాట గూడ చెప్పిండు. "నడుమ గుడ్డ ఉంటే ఉండనియ్యి బిడ్డా, మూలలు మాత్రం గుడ్డతోని ఆగవు. మడత తిరిగే కాడ వెయ్యిసార్లు నలుగుతది. నిప్పురవ్వ పడే కాడ గుడ్డ కాలుతది. అక్కడ తోలే ఉండాలె." అని లోపటికి పోయి పాత మేకతోలు ముక్కలు తెచ్చిండు. తంగేడు చెక్కల ఊరింది, ఎర్రగ, చెంప తీరు మెత్తగ. చెప్పులకని దాచుకున్నయి. పైసలు అడుగలే. "కొలిమి ఆగితే మా ఆరెలు గూడ మొద్దయితయి గదా" అన్నడు. పోంగ ఒక ఆరె నా చేతుల పెట్టి, "పనయినంక ఇయ్యి బిడ్డా" అన్నడు.

మిషన్ కుట్టు ఉన్నదాని మీద మలిపి చేతి కుట్టు ఏసిన. మూలలకు, ముక్కు కాడికి తోలు పెట్టిన. తేనెమైనం, ఆముదం కలిపి కాసి, గోరువెచ్చగ ఉన్నప్పుడే గుడ్డపేలికతోని కుట్లపొంటి రుద్దిన. ఐదు రాత్రులు. మీ తాత పక్కన కూసొని దారం పేనిచ్చేది. సమ్మెట పట్టే చేతులు, దారం పేనుతుంటే ముందు తెగిపోతుండె. తర్వాత తర్వాత నాకంటే సన్నగ పేనిండు.

మళ్ల ఊదుబత్తి పట్టిన. పొగ నిలువున లేచింది. ఊగలే.

మీ తాత గొలుసు గుంజిండు. నిప్పు ముందు ఎర్రగ, తర్వాత పసుపు పచ్చగ. కర్రుకు అతుకు పెట్టాలంటే అది సాలదు, ఇనుము తెల్లగ మెరవాలె. ఇసుక చల్లితే మీద కరిగి కారాలె, అప్పుడే రెండు ఇనుములు ఒక్కటయితయి. మేమంత ఊపిరి బిగవట్టి చూసినం. ఆయన గుంజుకుంటనే ఉన్నడు. కర్రు తెల్లబడ్డది. పటకారతోని తీసి దాగలి మీద పెట్టి సుత్తి దెబ్బ ఏస్తే నిప్పులు గడపదాక వచ్చినయి. మా అత్త ఎన్నడు నా ముంగల నగనిది, నగింది.

ఇగ నేను చెప్పాలన్న బాకీ ఇది.

ఆ పొద్దు పెద్దయ్యను పిలిచినం, తిత్తి చూసిపొమ్మని. వచ్చిండు. పందిరి అవతల నిలబడ్డడు. లోపటికి రాలే, రమ్మని మేము అనలే. ఆయన ఇచ్చిన తోలు మూల కొలిమి నడుమ ఉన్నది, ఆయన నేర్పిన కుట్టు ఉన్నది, ఆయన మాత్రం ఎండల ఉన్నడు. దూపైతున్నదన్నడు. నేను చెంబుల నీళ్లు తెచ్చిన. దోసిలి పట్టిండు. నేను మీదికెల్లి పోసిన. ఒకదినం మొత్తం ఆయన అరుగు మీద ఆయన పక్కన కూసొని నేర్చుకున్నదాన్ని, మా ఇంటి కాడికి వచ్చేసరికి చెంబు ఆయన చేతికి ఇయ్యలే. ఎవరన్న వద్దన్నరా అంటే ఎవరు అనలే. నా చెయ్యే అట్ల లేచింది. ఆయన నీళ్లు తాగి, మూతి తుడుసుకొని, తిత్తిని చూసి "మంచిగున్నది బిడ్డా" అని పోయిండు.

యాభై ఏండ్లు దాటింది. ఆ దోసిలి నాకు ఇంకా కనబడుతది.

తిత్తి ముచ్చట అయిపోగొడ్త. మిరుగం నాటికి ఊరి కర్రులన్నీ ఎళ్లినయి. కాలువ కూలోళ్ల గడ్డపారలు ఎళ్లినయి. మిరుగం పొద్దు ఇంట్ల చేపల పులుసు పెట్టుకున్నం. ఆ తిత్తి పన్నెండేండ్లు నడిచింది. నడుమ గుడ్డ రెండుసార్లు మార్చిన. తోలు మూలలు మాత్రం ఆయన ఇచ్చినయే ఉండె. మీ తాత లారీ కమాన్ పట్టీ కాల్చి నాకు ఒక పెద్ద కత్తెర చేసిచ్చిండు, తాటిపత్రి కోసేతందుకు. దానితోనే చుట్టుపక్కల ఊర్ల కమ్మర్లకు ఇంకో మూడు తిత్తులు కుట్టిన. తర్వాత చేతితోని తిప్పే పంకా వచ్చింది. కొలిమి పక్కన పెట్టి పిడి తిప్పితే ఆగకుంట గాలి కొడుతది. తిత్తి అటుక ఎక్కింది. కొన్నేండ్లకు ట్రాక్టర్లు వచ్చి కర్రులే పోయినయి. గుడ్డ చీకిపోయింది. చెక్కలు మిగిలినయి, చిన్నది చూసినయి అవే.

పెద్దయ్య ఆ ఏడు వానకాలం దాటలే. నేను ఆరె ఇయ్యనీకి పోదామనుకుంటనే ఉన్న, పని మీద పని. పోయినసరికి వాకిట్ల మనుషులు కూడి ఉండ్రి. అప్పుడు ఆరె చేతుల పట్టుకొని ఎట్ల పోవాలె? కొంగుల దాచుకొని ఎనక్కి వచ్చిన. తర్వాత పోవాలంటే ఆ దోసిలి యాదికొస్తుండె, కాళ్లు ఆడకపోతుండె.

ఆ ఆరె నా మిషన్ అరల ఉన్నది. పిడి నున్నగ అరిగి ఉంటది, ఆయన బొటనవేలు ఆనిన కాడ గుంట పడి ఉంటది. మీరు చిన్నప్పుడు దాన్ని ఆటకు తీస్తే నేను కొట్టింది గూడ యాదుంటది మీకు. ఎందుకు కొట్టిన్నో ఇయ్యాల చెప్తున్న. అది మనది కాదు. ఎరువు తెచ్చుకున్నది.

ఆయన మునుమరాలు సంక్రాంతికి ఊర్లకొచ్చిందట, పట్నంల నౌకరి చేస్తున్నదట. రేపు పొద్దుగాల నన్ను ఆ ఇంటికి తోలుకపోండ్రి. ఆరె నా చేతితోని నేనే ఇస్త. ఆ ఇంట్ల నీళ్లిస్తే మీరంత తాగుండ్రి, కూసోమంటే కూసోండ్రి. మళ్ల ఆ పిల్లను మన ఇంటికి పిల్వుండ్రి. కొలిమి కాడికి కాదు, పందిరి కిందికి కాదు, లోపటికి. చెంబు ఎవరిస్తరని చూడకుండ్రి, నేనిస్త.